బూడిద బుట్ట, గుల్ల బుట్ట

దర్గా వంటింట్లో చెంగమ్మకి చల్లని మనిషని పేరు. ఉప్పు తక్కువైందని ఎవరైనా విసుక్కున్నా, అన్నం వరసలో ఒకరినొకరు తోసుకుంటూ మీదకొచ్చినా ఆమె నుదుటి మీద చిన్న ముడత కూడా పడేది కాదు.

"ఈ తల్లికి కోపం పెట్టడం దేవుడు మరిచిపోయాడు" అనేవాళ్ళు వచ్చిపోయేవాళ్ళు.

చెంగమ్మ ఆ మాట వినీ విననట్టు గరిటె తిప్పుకుంటూ ఉండేది. లోపల మాత్రం ఆ మాట తియ్యగా ఉండేది. ఒకసారి ఉండబట్టలేక కాశింబీ అవ్వతో కూడా చెప్పింది.

"నాలో ఉన్నదంతా కాలిపోయిందవ్వా. ఇంక బూడిదే మిగిలింది."

అవ్వ ఆమె గురువు. ఉప్పుటేటి ఒడ్డున ఉన్న ఆ దర్గాలో ఎన్నో ఏళ్ళుగా ఉంటున్న ఫకీరు మనిషి. కూర్చోబెట్టి బోధలు చెప్పడం ఆమెకి చేతకాదు. పని చెప్తుంది. ఆ పని చేసుకుంటూ పోతే ఎప్పుడో ఒకప్పుడు ఏదో ఒకటి తెలుస్తుందని ఆమె దగ్గర చేరినవాళ్ళ నమ్మకం.

చెంగమ్మ మాట విని అవ్వ ఔననలేదు, కాదనలేదు.

"చింతపండు నానేశావా?" అని అడిగింది. అంతే.

ఏటా జరిగే ఉరుసు పండగ దగ్గర పడింది. గోడలకి వెల్ల వెయ్యాలి. అన్నం వండే పెద్ద పెద్ద డేగిశాలు బయటికి తీసి తోమాలి. దర్గా అంతా నిచ్చెనలు, గోనెలు, చీపుళ్ళతో హడావిడిగా ఉంది. పొద్దున పనివాళ్ళకి చెంగమ్మ సంగటి పెడుతూ ఉంటే వాకిట్లో ఒక ఆడమనిషి వచ్చి నిలబడింది. సన్నగా ఉంది. కొంగు తల మీదుగా లాక్కుని ఎడమ చెవిని కప్పుకుంది. కొంగు కింద నుంచి వాపు కనిపిస్తూనే ఉంది.

చెంగమ్మ గుర్తుపట్టింది. ఎట్టా గుర్తుపట్టదు? మునిలక్ష్మి. తన మొగుడు తను బతికుండగానే ఇంట్లోకి తెచ్చుకున్న రెండో పెళ్ళాం. ఆమె గడప తొక్కిన వారం తిరక్కముందే చెంగమ్మ కట్టుబట్టల్తో బయటికి వచ్చేసింది. తిరిగి తిరిగి చివరికి ఈ దర్గాలో అవ్వ పక్కన కూర్చుంది. ఆ తర్వాత ఇద్దరూ ఎదురుపడడం ఇదే.

మునిలక్ష్మి దగ్గరికి వచ్చింది. పనివాళ్ళు తింటున్నారని మెల్లిగా మాట్లాడింది.

"నన్నూ పొమ్మన్నాడక్కా. కొట్టి తరిమేశాడు. నాకు ఎవరుండారు, మా అమ్మ కూడా పోయింది గదా. నువ్వు ఇక్కడుండావని ఎవరో చెప్తే వచ్చా. నాలుగు రోజులు ఈ వాకిట్లో పడుంటా."

చెంగమ్మ చేతిలో గరిటె అట్టానే ఉంది.

మునిలక్ష్మి ఆమె మొహంలోకి చూసి కొంచెం నవ్వింది.

"నువ్వు చల్లగా ఉండావక్కా. అది చాలు నాకు."

ఆ మాటలో తప్పేముంది? ఏమీ లేదు. పెద్దముత్తయిదువలు చిన్నవాళ్ళ తల మీద చెయ్యిపెట్టి అనే మాట. కానీ ఆ మాట చెవిన పడిందో లేదో చెంగమ్మ చేతిలో గరిటె ఎగిరి పోయి గోడకి తగిలింది.

"చల్లగానా? నేను చల్లగా ఉండానా? ఎవత్తివే నువ్వు నాకు చెప్పడానికి! నేను అలికిన ఇంట్లో కాళ్ళు బారజాపుకుని కూర్చున్నావు గదే! నా రోట్లో నూరుకు తిన్నావు! నా పసుపు కొమ్ము అరగదీసుకుని పూసుకున్నావు! ఇప్పుడు తన్నులు తిని ఇక్కడికొచ్చావా? తిను! ఇంకా తిను! నేను తినలా?"

ఇంకా ఏమేమో అంది. ఎట్టాంటి మాటలంటే, తింటున్నవాళ్ళు ముద్ద మింగడం మానేశారు. చెంగమ్మ నోట్లో అట్టాంటి మాటలు ఉంటాయని వాళ్ళకే కాదు, చెంగమ్మకీ తెలియదు.

మునిలక్ష్మి ఒక్క మాట కూడా తిరిగి అనలేదు. కొంగు సర్దుకుని వచ్చిన దారినే వెళ్ళిపోయింది.

నిచ్చెన పక్కన కూర్చున్న పెంచలయ్య, వెల్ల వేసేవాడు, పళ్ళెం కిందపెట్టి పక్కవాడితో అన్నాడు.

"ఒరేయ్, చల్లనమ్మ ఉడికింది రోయ్."

ఎవరో కిసుక్కుమన్నారు. అవ్వ నులకమంచం మీద కూర్చుని వెల్లుల్లి ఒలుస్తోంది. తల ఎత్తలేదు.

కాసేపటికి అవ్వ లేచి లోపలికి వచ్చేసరికి చెంగమ్మ మూట కట్టుకుంటోంది.

"ఎక్కడికే?"

"ఎక్కడికో ఒక చోటికి. నేను ఇక్కడ ఉండే మనిషిని కానవ్వా." చెంగమ్మ తల వంచుకునే మాట్లాడింది. "ఇన్నేళ్ళు నీ దగ్గరుండి నేనేం సాధించాను? కుండలు తోమాను. లోపల పిసరంత కూడా తగ్గలా. అందరి చేతా చల్లని తల్లి అనిపించుకున్నా. దొంగని నేను."

"ఆ పిల్ల ఎటు పోయింది?"

"నాకేం తెలుసు. బస్సుకే పోయుంటుంది. మళ్ళీ ఆ మనిషి కాళ్ళ దగ్గరికే పోద్ది. ఇంకెక్కడికి పోద్ది?"

ఆ మాట అని చెంగమ్మ మూట ముడి గట్టిగా లాగింది. లాగీ లాగీ ఆగిపోయింది. "తిను అన్నానవ్వా. తన్నులు తినమన్నా. నా నోటితో నేనే అన్నా" అని ఏడ్చింది.

అవ్వ ఊరుకోబెట్టలేదు. వెల్లుల్లి పొట్టు కొంగులోంచి దులుపుకుంది.

"పోదువులే. పోయేముందు బట్టీ కాడికి పోయి రా. డేగిశాలు తోమేదానికి బూడిద ఒక బుట్ట, వెల్లకి గుల్ల ఒక బుట్ట. మిగతావాళ్ళు నిచ్చెనలెక్కి ఉండారు."

పోయేదాన్ని ఇప్పుడు బూడిద తెమ్మంటుందేమిటని చెంగమ్మకి ఒళ్ళు మండింది. అయినా అవ్వ చెప్పిన పని. రెండు బుట్టలు పట్టుకుని బయల్దేరింది.

సున్నపు బట్టీ దర్గా వెనక, రోడ్డు దాటితే వస్తుంది. ఉప్పుటేటిలో ఏరిన గుల్లలు తెచ్చి అక్కడ కాలుస్తారు. బట్టీ నోట్లో సరుగుడు కట్టెలు పెట్టి మంట వేస్తారు. ఆ మంట పైకెక్కి గుల్లల్ని కాలుస్తుంది. రోడ్డు దాటేటప్పుడు చెంగమ్మకి బస్సు ఆగేచోట అరుగు మీద మునిలక్ష్మి కనిపించింది. మోకాళ్ళ మీద తల పెట్టుకుని కూర్చుంది. చెంగమ్మ మొహం తిప్పుకుని నడిచింది.

బట్టీ కాడ ఉండే మంగాయి కాలిన గుల్ల ఎత్తి బుట్టలో పోసింది.

"నిన్న దీని దరిదాపులకి రాలేకపోయాం వదినా, సెగ తగిలి ఎంటికలు కూడా కమురు కంపు కొట్టాయి. ఇయాల చూడు, ముట్టుకో. మంచులో పెట్టి తీసినట్టుంది."

చెంగమ్మ బట్టీ నోట్లోంచి బూడిద గోకి రెండో బుట్టలో నింపుకుంది. ఒకటి నెత్తిన, ఒకటి చంకన పెట్టుకుని తిరిగి వచ్చింది. ఈసారి అరుగు వైపు చూడకుండా ఉండలేకపోయింది. మునిలక్ష్మి అట్టానే కూర్చుంది.

దర్గా వెనక వాకిట్లో అవ్వ రెండు తొట్లు సిద్ధంగా పెట్టింది. మట్టి తొట్లు. పక్కన బిందె నిండా నీళ్ళు.

"ఒక్కోదాంట్లో ఒక్కొక్కటి పోయి."

చెంగమ్మ పోసింది.

"చెయ్యి పెట్టి చూడు. ఏది వేడిగా ఉంది?"

"రెండూ చల్లగానే ఉండాయి."

"రంగు?"

"రెండూ తెల్లగానే ఉండాయి." చెంగమ్మకి చికాకు పుట్టింది. "ఎందుకవ్వా ఇదంతా, నన్ను పోనియ్యి."

"బూడిదలో నీళ్ళు పోయి."

చెంగమ్మ చెంబుతో ముంచి పోసింది. బూడిద నీళ్ళు తాగి కిందికి దిగింది. కాస్త బురద అయింది. అంతే. ఒక బుడగ కూడా లేవలేదు.

"ఇప్పుడు దాంట్లో పోయి."

చెంగమ్మ గుల్ల మీద చెంబు వంచింది. ఒక్క క్షణం ఏమీ కాలేదు. తర్వాత అడుగు నుంచి చిటచిటమని చప్పుడు మొదలైంది. గుల్లలు నెర్రెలు విచ్చి పగిలాయి. ఆవిరి బుస్సుమని లేచింది. తొట్టి అంతా కుతకుతమని ఉడికి, అంచుల దాకా పొంగి, ఒక చుక్క ఎగిరి చెంగమ్మ కాలి పక్కన పడింది. చెంగమ్మ గబుక్కున వెనక్కి జరిగింది.

"ఆపేశావే! ఇంకా పోయి. కొంచెం పోసి ఊరుకుంటేనే అది ఎగిరేది."

చెంగమ్మ దూరంగా నిలబడి, మొహం పక్కకి పెట్టుకుని ఇంకో చెంబు పోసింది. ఇంకోటి. తొట్టి పక్కకి చెయ్యి పోనియ్యనంత సెగ వస్తోంది.

అవ్వ ఆ సెగ చూస్తూ అంది.

"ఒక్క బట్టీలోవే రెండూ. ఒక్క మంటలోవే. కట్టె తన వేడి ఇచ్చేసింది. గుల్ల పుచ్చుకుంది."

చెంగమ్మ కొంగుతో మొహం తుడుచుకుంది.

"సున్నం ఉడుకుద్దని నాకు తెలీదా అవ్వా? ఈ ఏటి ఒడ్డున పుట్టినదాన్ని. చిన్నపిల్లకి కూడా తెలుసు."

"తెలుసా?"

"తెలుసు."

"మరి పొద్దున నీళ్ళని తిట్టావెందుకు?"

తొట్టిలో సున్నం కుతకుతలాడుతూనే ఉంది. నీళ్ళ బిందె పక్కనే ఉంది. చెంగమ్మ వంగి బిందె మీద అరచెయ్యి పెట్టింది. చాలాసేపు తియ్యలేదు.

పిల్ల అడిగినట్టు అడిగింది.

"అయితే నేను బూడిద కాలేదా అవ్వా?"

"కట్టెవైతే గదా బూడిదయ్యేది. ఆ మనిషి ఇంట్లో నువ్వు మండావా, కాలావా?"

"కాలాను."

"ఎవరికైనా చెప్పావా? ఒక్కసారైనా ఎదురు తిరిగావా? ఒక్కరి మీదైనా అరిచావా?"

"లేదు."

"ఆ."

చెంగమ్మ తొట్టి వైపు చూస్తూ నిలబడింది. ఆవిరి కొంచెం తగ్గింది.

"ఆ పిల్ల రాకుండా ఉంటే ఎంత బాగుండేదవ్వా. ఇంకొన్నాళ్ళు పోతే దానంతటదే చల్లారిపోయేది. ఎవరికీ తెలిసేది కాదు."

అవ్వ చెయ్యి చాచి వసారా మూల చూపించింది. అక్కడ ఒక పాత గోనె మూతి విప్పి పడుంది.

"పోయిన ఉరుసులో మిగిలిన గుల్ల అది. ఎవరూ నీళ్ళు పోయలా. ఏముందో చూడు."

చెంగమ్మ పోయి గోనెలో చెయ్యి పెట్టింది. గుల్ల ఒక్కటి లేదు. అంతా మెత్తటి పిండి.

"గాలిలో చెమ్మ తాగి తాగి అట్టా అయింది" అంది అవ్వ. "దాని వేడి కూడా బయటికే పోయింది, ఈ తొట్టిలో లేచినంత వేడి. చుక్క తక్కువ లేదు. రోజుకింత పోయింది కాబట్టి నీకూ నాకూ తెలీలా. ఏం, దాన్ని గోడకి పూద్దామా?"

పెంచలయ్య నిచ్చెన మీద నుంచి విన్నాడు.

"అది పూస్తే రేపు పొద్దునకి రాలి మన నెత్తినే పడద్ది అవ్వా! గాలికి పోయిన సున్నం గోడకి అంటదు."

"నువ్వు నోరుముయ్యి. పైన మూల వదిలేశావు చూసుకో" అంది అవ్వ.

చెంగమ్మ చేతికంటిన పిండి దులుపుకుని వచ్చింది. తొట్టి దగ్గర కూర్చోబోతే అవ్వ ఆపింది. "నిలబడే ఇంకో చెంబు పోయి."

చెంగమ్మ చెంబు ముంచింది. పొయ్యడానికి భయం వేసింది. చెయ్యి బారచాపి, కళ్ళు చికిలించుకుని పోసింది.

చప్పుడు లేదు. ఆవిరి ఉన్నది ఉన్నట్టే ఉంది, కొత్తగా లేవలేదు. నీళ్ళు పైన తేలి, మెల్లిగా కలిసిపోయి పాల మాదిరి తెల్లబడ్డాయి.

ఇంకో చెంబు పోసింది. అంతే.

అవ్వ చెప్పకముందే మూడోది కూడా పోసింది. చెంబు అట్టాగే వంచి పట్టుకుని, నీళ్ళు అయిపోయినా నిలబడింది.

"బస్సు ఎప్పుడు వస్తుందే?" అని అడిగింది అవ్వ.

"వచ్చే వేళైంది."

అవ్వ తొట్టిలోకి కర్ర దించి తిప్పడం మొదలుపెట్టింది. చెంగమ్మని పొమ్మనలేదు, ఉండమనలేదు. చెంగమ్మ చెంబు కిందపెట్టి, తడి చేతులు చీరకి తుడుచుకుంటూ రోడ్డు వైపు నడిచింది. మూట లోపలే ఉండిపోయింది.

అరుగు మీద మునిలక్ష్మి ఆమెని చూసి గబుక్కున లేచి నిలబడింది. ఒక చెయ్యి పైకి లేచింది, దెబ్బ కాచుకునేదానికి లేచినట్టు. ఆ చెయ్యి అట్టా లేవడం చెంగమ్మకి బాగా తెలుసు.

దారి పొడుగునా అనుకుంటూ వచ్చిన మాటలన్నీ పోయాయి.

"చెవి నొప్పిగా ఉందా?" అంది.

మునిలక్ష్మి ఆమెని ఒక నిమిషం చూసింది. పెదవులు అదిరాయి. ఏడుస్తుందేమో అనుకుంది చెంగమ్మ. ఏడవలేదు.

"నీకెందుకు?" అని అరిచింది. "నా చెవి నీకెందుకు? ఇప్పుడు అడుగుతావా? నన్ను తెచ్చిన రోజు గుమ్మంలో నిలబడి చూశావే, అప్పుడు అడిగావా? నాకేం తెలుసు ఆ మనిషి సంగతి? పెళ్ళాం చచ్చిపోయిందని చెప్పి చేసుకున్నాడు నన్ను! లోపలికొచ్చి చూస్తే నువ్వుండావు! నీకు తెలుసు! వాడు ఎట్టాంటోడో నీకు అంతా తెలుసు! ఒక్క మాట చెప్పలా! మూట కట్టుకుని పోయావు. నేను వాకిలి ఊడుస్తా చూస్తా ఉండా, వెనక్కి తిరిగి కూడా చూడలా నువ్వు. నా ఇల్లు, నా ఇల్లంటివే పొద్దున! ఏ ఇల్లు? అది ఇల్లా? తీసుకోమ్మా నీ ఇల్లు! నీ రోలు, నీ పసుపు కొమ్ము, అన్నీ తీసుకో! నన్ను కూడా తీసుకుని పోవాల్సింది గదా! ఆ రోజే నన్ను కూడా తీసుకుని పోవాల్సింది గదా!"

రోడ్డు మీద పోయేవాళ్ళు ఆగి చూస్తున్నారు. రోడ్డుకి ఈ పక్కనీ ఆ పక్కనీ దుమ్ములో ముంచేస్తూ బస్సు వచ్చి ఆగింది. కండక్టర్ తలుపులోంచి తల బయటపెట్టాడు.

"ఏందమ్మా, ఎక్కేది ఉందా లేదా? ఆ పంచాయితీ లోపల కూర్చుని పెట్టుకోండి."

ఇద్దరిలో ఎవరూ అతని వైపు చూడలేదు. అతను విసుక్కుని తలుపు మీద తట్టాడు. బస్సు వెళ్ళిపోయింది.

మునిలక్ష్మికి ఊపిరి అందక మాట ఆగింది. ఇప్పుడు తిరిగి ఏం పడుతుందోనని చెంగమ్మ మొహంలోకే చూస్తోంది.

చెంగమ్మ అరుగు మీద కూర్చుంది. పక్కన చోటు వదిలింది.

"ఊ," అంది. "ఇంకా చెప్పు."